కుప్పల సందులో కరాటే

మా ఇంటి ముందు వాకిలి లేదు, కల్లం ఉండేది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆవరణలో, బాయిలర్ పక్కన రెండు గదుల క్వార్టర్ మాది. నాన్న ఆ బాయిలర్ చూసుకునేవాడు. తలుపు తీస్తే ఎదురుగా పెద్ద సిమెంటు కల్లం, దాని మీద ఉడకబెట్టిన వడ్లు ఆరబోసి ఉండేవి. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది, ఆ తర్వాత పిడికిళ్ళు బిగించి నిలబడాలనిపిస్తుంది. నేను కరాటే నేర్చుకున్నది ఆ కల్లం మీదే మరి.

అది 2001. నేను నాలుగో తరగతి. మాస్టర్ పొద్దంతా మిషన్ మీద బట్టలు కుట్టేవారు, సాయంత్రం కరాటే నేర్పేవారు. కుర్రతనంలో హైదరాబాద్‌లో ఒక టైలర్ దుకాణంలో పనిచేస్తూ, పక్క మేడ మీద ఎవరో నేర్పుతుంటే నేర్చుకున్నారట. బ్లాక్ బెల్టుతో ఊరికి తిరిగొచ్చాక నేర్పడానికి జాగా దొరకలేదు. చెప్పులరిగేలా బడుల చుట్టూ తిరిగారు. చివరికి మిల్లు సేటు పిల్లలకు యూనిఫాం కొలతలు తీసుకోవడానికి వచ్చి, ఖాళీ కల్లాన్ని చూసి, నోరు తెరిచి అడిగేశారు. "వడ్లకు అడ్డం రాకుంటే చేసుకోండ్రి" అన్నాడట సేటు. ఆ ఒక్క మాటే మా అందరి తలరాత అయి కూర్చుంది.

వడ్లకు ఎవరు అడ్డం వస్తున్నారో చూడటం మా నాయనమ్మ పని. నిడమనూరు దిక్కు పల్లెలో చిన్నప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. గొర్రెలు అమ్మేశాక నాన్న దగ్గరికి వచ్చింది గానీ, ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. సేటును అడిగి వడ్ల కాపలా తీసుకుంది. గొర్రెలు కాసిన కర్రతోనే వడ్లు కాసేది. మొదటి రోజు మాస్టర్ పిల్లల్ని వెంటేసుకుని వస్తే, ఆ కర్ర అడ్డం పెట్టి చెప్పింది.

"సూడు నాయినా, పిట్టలొచ్చినా, మేకలొచ్చినా, నీ పోరగాండ్లొచ్చినా నాకొక్కటే లెక్క. వడ్ల మీద కాలు పడ్డదా, ఇరగ్గొడ్త."

మాస్టర్ నవ్వి, ఆమెకు కూడా కరాటే పద్ధతిలో నడుం వంచి దండం పెట్టారు. నాయనమ్మకు ఆ దండం మహా నచ్చింది. చాలా రోజులు మిల్లులో అందరికీ చెప్పుకుంది. కాలు విరగ్గొట్టే విషయంలో మాత్రం మెత్తబడలేదు.

నన్ను ఎవరూ చేర్పించలేదు. గడప దాటితే క్లాసు, ఇక చేరేదేముంది? రెండు మూడు రోజులు గడప మీద నిలబడి వాళ్ళు చేసినట్టు చేశాను. మాస్టర్ చూసి రమ్మన్నారు. నాన్న బాయిలర్ మసి తుడుచుకుంటూ "ఆడపిల్లకు గిదెందుకు మాస్టర్?" అని నసిగాడు. "పిల్ల ఇంట్లనే ఉంటది గదా, కల్లం గూడ ఇల్లే గదా" అని మాస్టర్ అంటే, నాన్న మసిగుడ్డ భుజాన వేసుకుని మళ్ళీ బాయిలర్ దగ్గరికి పోయాడు.

డ్రెస్సులు మాస్టరే కుట్టేవారు. ఎదిగే పిల్లలు కదా అని ప్యాంటు కింద, చేతుల దగ్గర బట్టను బాగా లోపలికి మడిచి కుట్టేవారు. ఏటా ఒక మడత విప్పి పొడుగు చేసేవారు. విప్పిన చోట బట్ట కొత్తగా, తెల్లగా ఉండేది. పైనంతా బాయిలర్ పొగకు రంగు మారిపోయి ఉండేది. ఆ ఏడాది నేనెంత ఎదిగానో తెలియాలంటే నా ప్యాంటు అంచు చూస్తే చాలు.

ఇక మా కరాటే సంగతి. పొద్దున ఆరబోసిన వడ్లను సాయంత్రానికి పొడుగాటి కుప్పలుగా చేసి టార్పాలిన్ పట్టాలు కప్పేవారు. కల్లం ఈ చివర నుంచి ఆ చివరికి వరసగా కుప్పలు, కుప్పకూ కుప్పకూ మధ్య సన్నటి సందు. మా క్లాసు ఆ సందుల్లో. ఒక సందులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. ముందుకు రావచ్చు, వెనక్కి పోవచ్చు, పక్కకు మాత్రం పోకూడదు. ఉడికి సగం ఆరిన వడ్ల మీద బరువు పడితే గింజ లోపలే విరిగి, మరలో పడ్డాక నూకవుతుంది. ఎవరి మడమైనా పట్టా అంచుకు తగిలిందా, నాయనమ్మ కర్ర సిమెంటు మీద టక్కుమనేది.

"ఎవడ్రా అది? అన్నం తింటున్నవా, గడ్డి తింటున్నవా? కాలు దియ్యి!"

దెబ్బ తగిలినా ఫర్వాలేదు గానీ కాలు పక్కకు పోకూడదని మాకందరికీ అలా ఒంటబట్టింది. వర్షాకాలంలో వడ్లు లేక కల్లమంతా ఖాళీగా పడి ఉండేది. కబడ్డీ ఆడుకునేంత జాగా. అయినా మేం గీత గీసినట్టు పాత సందుల్లోనే నిలబడి, లేని కుప్పల మధ్య ముందుకూ వెనక్కూ పోయేవాళ్ళం. అది తప్పని ఎవరికీ తట్టలేదు. అందరూ అలాగే చేస్తుంటే తప్పెక్కడ కనిపిస్తుంది?

ఆ రోజుల్ని తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆ సిమెంటు వెచ్చదనం. చలికాలం సాయంత్రాలు ఒళ్ళు వణుకుతున్నా, పొద్దంతా ఎండను తాగిన కల్లం పాదాల కింద గోరువెచ్చగా ఉండేది. డ్రెస్సు వేసుకుని వట్టి కాళ్ళతో దాని మీద నిలబడితే ఇంటికి పోవాలనిపించేది కాదు. మేమందరం ఒక్కసారిగా గుద్దుతూ అరిస్తే షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయేవి. "వీండ్ల ఒర్రుడుకు పిట్టలు గూడ వస్తలెవ్వు, నాకు పని తప్పింది" అని నాయనమ్మ ఆ ఒక్కదానికి మమ్మల్ని మెచ్చుకునేది. హమాలీలు బస్తాలు దించి, చెమట తుడుచుకుంటూ కాసేపు చూసేవారు. "పిల్లా, నన్నొక్కటి గుద్దు సూద్దాం" అని పొట్ట చూపించేవాళ్ళు. గుద్దితే నా చేతికే నొప్పి పుట్టేది. వాళ్ళు మాత్రం "అమ్మో, సచ్చిన్నో" అని బస్తాల మీద పడిపోయేవారు. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎక్కడా లేను.

ఏడో తరగతిలో మొదటిసారి పోటీకి పోయాం, సూర్యాపేటకు. బస్సు ఎక్కే ముందు మాస్టర్ మా అందరినీ బస్టాండులో వరసగా నిలబెట్టి, బెల్టు ముడులు సరిచేసి, ఆ మాట అన్నారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మాటే అన్నారు.

"ఒక్క మెడల్ తెండ్రి బిడ్డా. ఎవ్వలు తెచ్చినా సరే. నా కండ్లతోని ఒక్కటి సూడాలె."

ఆయన ఎన్నడూ పోటీల్లో దిగలేదు. హైదరాబాద్ మేడ మీద నేర్చుకున్న రోజుల్లో పోటీకి పోవడానికి దుకాణం వదిలేవారు కాదట. ఆ కొరత మా మీద తీర్చుకోవాలనుకున్నారు. నాకు ఆ ముఖం చూస్తే, ఆ మెడల్ నేనే తేవాలనిపించింది. ఆశ అప్పుడు మొదలైంది. చదువులో గానీ, తర్వాత ఉద్యోగంలో గానీ, దేన్నీ నేనంతగా కోరుకోలేదు.

సూర్యాపేటలో ఒక స్కూలు హాలు. నేల మీద తివాచీ పరిచి, టేపుతో నాలుగు పక్కలా గీత అంటించారు. నా ఎదుట నాకన్నా బక్కగా ఉన్న పిల్ల. ఈ పిల్లను పడగొట్టడం ఎంతసేపు అనుకున్నాను. రిఫరీ చెయ్యి దించగానే బాణంలా దూసుకుపోయాను. తీరా చూస్తే ఆ పిల్ల అక్కడ లేదు. పక్కకు ఒక్క అడుగు జరిగింది, అంతే. నేను గీత దాటి, జడ్జీల బల్లకు గుద్దుకుని, వాళ్ళ నీళ్ళ సీసా కింద పడేసి ఆగాను. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ దూసుకుపోయాను. నా తర్వాత మా వాళ్ళందరిదీ అదే కథ. ఒకడైతే తివాచీ దాటి తలుపు దాకా పోయి వచ్చాడు. హాలంతా ఒకటే నవ్వు.

"ఏయ్, మిర్యాలగూడ రైలొచ్చింది, పక్కకు జరుగుండ్రి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ పేరు మాకు అతుక్కుపోయింది. సూర్యాపేటకు రైలు లేదు, మాకుంది, అందుకే వాళ్ళకు కడుపుమంట అని మాలో మేం సర్దిచెప్పుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర మాస్టర్ అందరికీ మిర్చి బజ్జీలు తినిపించారు. "మనోళ్ళు ఒక్కరన్న ఎనకకు పోయిండ్రా? పోలే. గది సాలు" అన్నారు. అలా అన్నారు గానీ బస్సులో ముందు సీట్లో కూర్చుని, మిర్యాలగూడ వచ్చేదాకా కిటికీ వైపు తిప్పిన తల ఇటు తిప్పలేదు. మరునాడు క్లాసులో తేల్చి చెప్పారు, మాకు స్పీడు తక్కువైందని. ఆ ఏడాదంతా స్పీడు పెంచాం. పై ఏడాది ఇంకా వేగంగా గీత దాటాం.

అలా ఏళ్ళు గడిచాయి. ప్రతి ఏడూ సూర్యాపేట, ప్రతి ఏడూ బజ్జీలు. బలం లేదనుకుని ఉడకబెట్టిన శనగలు తినిపించారు. భయమనుకుని ధైర్యం చెప్పారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. "గెలుసుడు లేదు, పాడు లేదు, ట్యూషన్‌కు పోతే మార్కులన్న వస్తయి" అని తల్లిదండ్రులు అంటుంటే మాస్టర్ తల ఊపి, వాళ్ళ పిల్లల డ్రెస్సుకు ఆఖరి మడత విప్పి మరీ ఇచ్చి పంపేవారు.

నేను పెద్దమనిషినయ్యాక నన్నూ మాన్పిస్తారనుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మాటే ఎత్తారు. నాయనమ్మ తమలపాకు నములుతూ, "నేను పదేండ్లప్పటి సంది గొర్ల ఎంబడి గుట్టలు తిరిగిన. నన్నెవడు ఆపిండు? పిల్ల కల్లం మీద ఉంటది, నేను కల్లం మీద ఉంటా. మీకేమన్న బాధనా?" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని చుట్టాలు చాయ్ తాగి వెళ్ళిపోయారు.

ఇంటర్ రెండో ఏడాదిలో నాయనమ్మ పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోతే మళ్ళీ ఇంటికి రాలేదు. దినాలు అయ్యాక ఒక సాయంత్రం క్లాసుకు వచ్చాను. కుప్పలు అలాగే ఉన్నాయి. ఆమె కూర్చునే చోట ఎవరూ లేరు. కుప్ప తొక్కినా అడిగేవాళ్ళు లేరు. మేమెవరం తొక్కలేదు. ఒక్కొక్క అడుగూ అంత జాగ్రత్తగా వేసింది ఆ రోజే. మాస్టర్ మధ్యలో ఆపి, "ఇయ్యాల సాలు" అని ఒక పక్కన కూర్చున్నారు. నేను ఏడ్చాను, ఆయనా ఏడ్చారు.

తర్వాత కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ, హాస్టల్. కాలేజీలో వారానికి రెండు రోజులు కరాటే నేర్పడానికి జగ్గయ్యపేట వైపు నుంచి ఒక కోచ్ వచ్చేవారు. బ్రౌన్ బెల్టు ఉందని గర్వంగా చెప్పి, మొదటి రోజే ఆయన ముందు ఒక సీనియర్‌తో తలపడ్డాను. షరా మామూలే. రైలు పోయి గోడ దగ్గర ఆగింది.

"ఏంటమ్మా, గుద్దేవాళ్ళకి నువ్వే ఎదురెళ్తావేంటి? పక్కకి తప్పుకో" అన్నారు కోచ్.

తప్పుకోవాలని చూశాను. కాలు లేవలేదు. తల చెబుతోంది, కాలు వినడం లేదు. ఆయన కాసేపు చూసి, దగ్గరికొచ్చి, నా ఎడమ పక్కన నేల మీద చేత్తో తట్టి అడిగారు.

"ఇక్కడేముందని నీకు భయం?"

"వడ్లు సార్" అన్నాను.

అన్నాకే నేనేమన్నానో నాకు తెలిసింది. ఆయనకు అర్థం కాక నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళ సూర్యాపేట అంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. మాకు స్పీడు తక్కువ కాలేదు, బలం తక్కువ కాలేదు. మాకు ప్రపంచంలో పక్కలు లేవు, అంతే.

ఆ ఒక్క అడుగు నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టిందంటే ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు ఒంటబట్టింది ఒక పట్టాన వదలదు. హాస్టల్ వరండాలో, మెస్ లైన్లో, ఎక్కడ నిలబడితే అక్కడ పక్కకు జరిగి చూసుకునేదాన్ని. నా రూమ్మేట్లు నాకేదో పూనిందనుకున్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మాత్రం మాస్టర్‌కు ఏమీ చెప్పలేదు. ముందు మెడల్ తెచ్చి చూపించాలి, చెప్పేదేదైనా తర్వాత అనుకున్నాను. అప్పటికి మిల్లులో వడ్లు ఆరబెట్టే యంత్రాలు వచ్చాయి. కుప్పలు తగ్గాయి. క్లాసు ఇంకా నడుస్తూనే ఉంది, కొత్త పిల్లలు కొద్దిమంది. వాళ్ళూ సూర్యాపేట పోతున్నారు, వాళ్ళూ బజ్జీలు తిని వస్తున్నారు.

ఆఖరి ఏడాదిలో, అంటే 2014లో, కోదాడలోనే కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. నేను మాస్టర్‌కు ఫోన్ చేసి, "ఈసారి మీరు తప్పక రావాలె" అన్నాను. ఆయన దుకాణం మూసి, హుజూర్‌నగర్ మీదుగా బస్సులు మారి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్తగా వేసిన మీసం రంగు. ముందు వరసలో కుర్చీ అంచున కూర్చున్నారు.

మొదటి బౌట్ గెలిచాను. రెండోది గెలిచాను. ఫైనల్లో ఖమ్మం అమ్మాయి. నాకన్నా పొడుగు, నాకన్నా వేగం. ఇద్దరికీ పాయింట్లు సమానంగా ఉండగా, ఆమె నా మీదికి దూసుకొచ్చింది, చిన్నప్పుడు మేం దూసుకుపోయినట్టే. నేను ఎడమ పక్కకు ఒక్క అడుగు వేశాను. ఆమె నా పక్క నుంచి పోతుంటే నా పిడికిలి ఆమె డొక్క దగ్గర ఆగింది. జెండా నా వైపు లేచింది.

మెడల్ మెడలో వేయించుకుని, మెట్లు దిగి, పరుగున పోయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళు తడి అయ్యాయి. నా తల మీద చెయ్యి పెట్టారు. పదేళ్ళుగా నేను కోరుకున్నది అదే, అది జరుగుతోంది. అప్పుడు అడిగారు.

"గా పక్క అడుగు ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"ఈడ మా కాలేజీ సార్ నేర్పిండు, మాస్టర్."

"ఆఁ." ఇంకోసారి మెడల్ చూసుకున్నారు. "గది ఒక్కటి రాకనే పిల్లలు ఇన్నేండ్లు ఓడిపోయిండ్రు గదా. అంటే నా వల్లనే ఓడిపోయిండ్రు."

మెడల్ చూస్తే ఆయన సంతోషిస్తారనే అనుకున్నాను గానీ, అది ఆయనకు ఏం చూపిస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. "కల్లం ఇరుకు గదా మాస్టర్, మీరేం జేస్తరు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"కల్లం వానకాలమంత ఖాళీగనే ఉంటుండె గదా బిడ్డా" అన్నారు, మెల్లగా. కోపం లేదు, నన్ను అన్నట్టూ లేదు.

హాల్లో జనం లేచి పోతున్నారు. కుర్చీలు మడిచి పక్కకు పెడుతున్నారు. ఆయన మెడల్‌ను జాగ్రత్తగా నా మెడలో వేసి, వరండాలోకి నడిచి, ఒక మూల చెప్పులు విడిచారు. ప్యాంటు కాస్త పైకి లాక్కున్నారు.

"సూపియ్యి" అన్నారు.

"మాస్టర్..."

"సూపియ్యి బిడ్డా. ఇప్పుడున్న పిల్లలకు పై నెలల సూర్యాపేట పోటీ ఉంది."

కరాటేలో నేర్చుకునేవాళ్ళు ముందు వంగాలి. చేతులు రెండు పక్కలా ఆనించి, ఆయన నా ముందు వంగారు. నేను కంగారుపడి, ఆయన కన్నా కిందికి వంగాను. తర్వాత ఆయన మోచెయ్యి పట్టుకుని, ఏ కాలు ముందు జరగాలో, మోకాలు ఎక్కడ వంగాలో చెప్పాను. మొదటిసారి కాలు కదల్లేదు. రెండోసారి కదిలింది గానీ, తూలి గోడ పట్టుకున్నారు. బట్టలు కుట్టి కుట్టి వంగిపోయిన ఆ వీపును అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

"అప్పటికి నాకు వస్తదా?" అని అడిగారు.

"వస్తది మాస్టర్. మల్లొక్కసారి చెయ్యుండ్రి" అన్నాను.

ఆయన మళ్ళీ చేశారు.